నాయనమ్మ గద్వాల చీరను కోసి మా అమ్మాయికి లంగా కుట్టించవచ్చా?

ప్రశ్న – వనపర్తి ఆడపడుచు

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పన్నెండో ఏడు నడుస్తోంది. వచ్చే మాఘమాసంలో ఓణీలు వేయాలని ఇంట్లో పెద్దవాళ్ళు ముహూర్తం చూస్తున్నారు. మేనమామ తెచ్చే బట్టలు ఎలాగూ ఉంటాయి కాబట్టి పీటల మీద కూర్చునేటప్పటి జత గురించి నాకు బెంగ లేదు. నేను అడగదలచుకున్నది ఆ సాయంత్రం బంధువుల మధ్య పిల్ల వేసుకోవలసిన రెండో జత గురించి.

మా నాయనమ్మది ఒక గద్వాల చీర మా బీరువాలో ఉంది. 1974లో మా చిన్న మేనత్త పెళ్ళికి తాతయ్య కొన్నారట. ఒళ్ళంతా ఆవపువ్వు రంగు నూలు, అందులో సన్నని గళ్ళు. అంచూ కొంగూ మెరూన్ రంగు పట్టు, అంచు పొడవునా గోపురాల్లాంటి జరీ కోటకొమ్ములు. నాయనమ్మ బతికినన్నాళ్ళూ గోచీ పోసి కట్టుకున్న మనిషి కాబట్టి, ఈ చీర ఇప్పటి చీరల కంటే చాలా పొడుగు. మొన్న టేపు పెట్టి చూస్తే ఎనిమిది గజాలకు ఒక్క బెత్తెడు తక్కువ వచ్చింది. అంత చీర కట్టడం నాకు రాదు, మా అమ్మకూ రాదు. అందువల్ల నాయనమ్మ పోయిన తరవాత పదహారేళ్ళుగా ఆ చీర మడత విప్పినవాళ్ళు లేరు.

మా వీధిలోని దర్జీ చీర చూసి, ఒళ్ళు కళీలుగా కోసి, కింద బాగా విచ్చుకునే ఘేరా లంగా కుట్టవచ్చనీ, కొంగుతో జాకెట్టు వస్తుందనీ, అంచు విడదీసి కింద మళ్ళీ అతికిస్తాననీ చెప్పాడు. కత్తెర మాట వినగానే అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా అత్తగారేమో బీరువాలో పురుగులకు అప్పగించేకంటే మనవరాలి ఒంటి మీద చూసుకోవడం మేలు కదా అంటున్నారు. ఇద్దరి మాటా నాకు న్యాయంగానే తోస్తోంది.

ఇంకో రెండు సందేహాలు కూడా ఉన్నాయి. పాత పట్టుచీరలు కొనే ఒకాయన వచ్చి, జరీ మంచిదని చెప్పి ధర కట్టబోయాడు. అమ్మే ఉద్దేశం లేదు గాని, అది నిజంగా వెండి జరీయేనా అని తెలుసుకోవాలని ఉంది. ఒకవేళ చీరను ముట్టుకోకూడదని మీరంతా అంటే, లంగాకు, ఓణీకి పనికివచ్చే చేనేత బట్ట ఏది కొనాలో చెప్పండి. నిరుడు ఒక దుకాణంలో పోచంపల్లి అని నమ్మి కొన్న చీర ఇంటికి తెచ్చి తిరగేసి చూస్తే అచ్చు వేసిన బట్ట. మళ్ళీ అలా మోసపోవడం నాకు ఇష్టం లేదు.

జవాబు – పడుగూ పేకా

అమ్మా, మాది గద్వాల వైపు రాజోలి. మా ఇంట్లో మూడు తరాలు గద్వాల చీరలే నేశారు. నేను ఉద్యోగంలో పడ్డాను గాని, చిన్నప్పుడు బడి నుంచి రాగానే నాన్నకు ఎదురుగా కూర్చుని అంచు నాడె, అంటే పేక పోగును అటూ ఇటూ నడిపే సాధనం, అందించడం నా పని. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి ఊరు మునిగినప్పుడు మా మగ్గం గుంట బురదతో పూడిపోయింది. ఆ మగ్గాన్ని నాన్న మళ్ళీ ఎత్తలేదు. అందుచేత మీ చీర సంగతి చదవగానే రాయకుండా ఉండలేకపోయాను.

గద్వాల చీరను మడిచి అగ్గిపెట్టెలో పెట్టవచ్చని అందరూ చెబుతారు. దాని అసలు గొప్పతనమైన కుప్పడం, అంటే ఒంటినీ అంచునూ కలిపే లంకె నేత, గురించి మాత్రం చెప్పేవాళ్ళు తక్కువ. పడుగు అంటే నిలువు పోగులు, పేక అంటే అడ్డ పోగులు. మీ చీరలో ఒంటి పడుగు నూలు, అంచు పడుగు పట్టు. రెండూ ఒకే మగ్గం మీద పక్కపక్కన సాగుతాయి. పేక మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే పోగుగా పోదు. ఒంటికి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు ఉంటాయి. ఒంటి పేక అంచు దాకా వచ్చి, అక్కడ అంచు పేకను మెలివేసుకుని వెనక్కి తిరుగుతుంది. అలా ప్రతి వరుసలోనూ, చీర పొడవునా, రెండు పక్కలా చేత్తో వేసిన లంకెలే నూలునూ పట్టునూ కలిపి ఉంచుతాయి. ఒంటి రంగు అంచులోకి గాని, అంచు రంగు ఒంటిలోకి గాని ఒక్క పోగు కూడా రాకపోవడానికి కారణం ఇదే. కోటకొమ్ములు ఉన్న చోట ఆ లంకె మెట్లుమెట్లుగా జరుగుతూ పోతుంది కాబట్టి పని ఇంకా నెమ్మదిస్తుంది. ఇక కొంగు దగ్గరకు వచ్చేసరికి నూలు పడుగు ఆపి, దానికి పట్టు పడుగును పోగుకు పోగు అతికి నేత సాగిస్తారు. కొంగు మొదలయ్యే చోట వేలితో తడిమి చూస్తే ఆ గీత మీకే తెలుస్తుంది.

ఇప్పుడు దర్జీ చెప్పినది ఆలోచించండి. కళీలుగా, అంటే పైన సన్నగా, కింద వెడల్పుగా కోస్తే లంగా అంచు గుండ్రంగా తిరుగుతుంది. నేసిన అంచు నిటారుగా ఉంటుంది కాబట్టి ఆ వంపులో కుదురుకోదు. అందుకే అతడు అంచు విడదీస్తానంటున్నాడు. విడదీయడమంటే ఆ లంకెలన్నీ తెంచడం. ఆ తరవాత మీ చేతిలో మిగిలేది ఒక నూలు గుడ్డ, రెండు పట్టు పట్టీలు మాత్రమే. వాటిని మళ్ళీ ఎంత నేర్పుగా కుట్టినా అది గద్వాల నేత కాదు. కాబట్టి నా మాట మీ అమ్మగారి వైపే. కోయవద్దు.

జరీ విషయానికి వస్తే, కొంగు చివర వేలాడే పోగుల్లో ఒకదాన్ని గోటితో మెల్లగా గీకండి. వెండి జరీలో ఎర్ర రంగు వేసిన పట్టు పోగు చుట్టూ వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత వేస్తారు. పూత కింద తెల్లని లోహం, దాని కింద ఎర్రని పట్టు పోగు కనిపిస్తే చాలా వరకు అసలుదే అనుకోవచ్చు. నల్లబడిందా లేదా అన్నది ఒక్కటే చూసి తేల్చకండి, రాగి జరీ కూడా నల్లబడుతుంది. ఖాయంగా తెలియాలంటే నమ్మకమైన కంసాలికి ఒక్క పోగు ఇస్తే చెబుతాడు. మీ ఇంటికి వచ్చినాయన జరీ మంచిదన్నది చీర మీద అభిమానంతో కాదు. ఇలా కొన్న చీరలను కాల్చి వెండి తీస్తారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. చీర మాసినట్టు కనిపించినా నీళ్ళలో వేయకండి. నూలు తడిస్తే ముడుచుకుంటుంది, పట్టు అంతగా ముడుచుకోదు. ఆ లాగుడంతా కుప్పడం మీద పడుతుంది. పైగా ఆ కాలపు మెరూన్ రంగు ఆవపువ్వు రంగులోకి దిగిందంటే ఎవరూ బాగుచేయలేరు.

జవాబు – కుట్టుపని, విజయవాడ

రాజోలి వారు చెప్పినదంతా నాకు సమ్మతమే. అయితే కోయకూడదంటే వేసుకోకూడదని అర్థం కాదు. నేను ఇరవై రెండేళ్ళుగా లంగాలు, జాకెట్లు కుడుతున్నాను. పాత చీరలు నా దగ్గరకు చాలా వస్తాయి. మీ చీర పొడవు చదవగానే నాకు తోచిన దారి ఇది.

ఎనిమిది గజాలంటే రమారమి 7.3 మీటర్లు, బెత్తెడు తీసేస్తే 7.2 మీటర్లు. మామూలు చీర అయిదున్నర మీటర్లే ఉంటుంది కాబట్టి దానితో ఈ పని చేస్తే లంగా ఇరుకుగానో, ఓణీ పొట్టిగానో వస్తుంది. మీ నాయనమ్మ గోచీ కోసం కొనిపించుకున్న ఆ అదనపు పొడవే ఇప్పుడు మీ అమ్మాయికి కలిసివస్తుంది. కొంగు లేని చివర నుంచి అయిదు మీటర్లు తీసుకుని కుచ్చులు పెట్టి నడుము పట్టీకి కుడితే అది లంగా అవుతుంది. మిగిలిన రెండుంబావు మీటర్లు, కొంగుతో సహా, అలాగే వదిలేస్తే అదే ఓణీ అవుతుంది. ఎక్కడా కత్తెర పడదు. కుచ్చులు ఎడమ నడుము దగ్గర మొదలై ఒక చుట్టు తిరిగి మళ్ళీ అక్కడికే చేరాలి. అక్కడి నుంచి మిగిలిన బట్ట నడుము వెనకగా కుడి పక్కకు వచ్చి, ముందు నుంచి ఎడమ భుజం మీదికి పైటగా వెళ్తుంది. పన్నెండేళ్ళ పిల్లకు ఆ పొడవు చక్కగా సరిపోతుంది. చూసేవారికి లంగా ఓణీ లాగే ఉంటుంది. విప్పి కుట్లు తీసేస్తే మళ్ళీ నాయనమ్మ చీరే.

చీర వెడల్పు నలభై అయిదు, నలభై ఆరు అంగుళాలు ఉంటుందనుకుందాం. మీ అమ్మాయికి నడుము నుంచి పాదం దాకా ముప్పై ఆరు అంగుళాలు ఉంటే, మిగిలిన పది అంగుళాలూ పై వైపున లోపలికి మడవాలి. కింది అంచు ఎలా ఉన్నది అలాగే నేలవైపు నిలుస్తుంది, నిటారు కుచ్చులు కాబట్టి వంపు సమస్య రాదు. పై అంచు మడతలోకి పోతుంది గాని, ఓణీ భాగం మొదలయ్యే చోట ఆ మడతను నాలుగు వేళ్ళ చొప్పున తగ్గిస్తూ వదిలితే అంచు మెల్లగా బయటికి వచ్చి పైట మీద పూర్తిగా కనిపిస్తుంది.

కుట్టేవారికి ఈ మాటలు గట్టిగా చెప్పండి. మిషను కుట్టు ఈ చీర మీద పడకూడదు. నడుము పట్టీని వేరే గట్టి నూలు బట్టతో మిషను మీద ముందే కుట్టుకుని, చీరను దానికి చేత్తో కచ్చా కుట్టుతో పట్టించాలి. కొత్త సన్నని సూది, నూలు దారం వాడాలి. టెరికాటన్ దారం పాత నూలు కంటే గట్టిది, లాగినప్పుడు దారం తెగదు, బట్టే తెగుతుంది. కుట్లు మడత లోపల నూలు ఒంటి మీదే పడాలి, పట్టు మీద పడకూడదు. చీర బరువంతా కుట్ల మీద వేలాడకుండా లోపల మెత్తటి నూలు పావడ వేరుగా వేయండి. కొంగును భుజం దగ్గర పిన్నుతో గుచ్చకండి. జాకెట్టు భుజానికి లోపల చిన్న నాడా కుట్టి, పైటను దానిలోంచి దూర్చి నిలపవచ్చు. జాకెట్టుకు కొంగు ముట్టుకోవలసిన అవసరమే లేదు, మెరూన్ రంగు మంగళగిరి నూలు బట్ట ఒక మీటరు తెచ్చుకుంటే సరిపోతుంది.

అయితే ఇదంతా చీరకు బలం ఉంటేనే. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత వెంట చిట్లుతుంది. పగటి వెలుగులో కిటికీకి ఎదురుగా ఇద్దరు పట్టుకుని, మూర తరవాత మూర చూడండి. మడతల దగ్గర సన్నని వెలుగు గీతలు కనిపించినా, వేళ్ళ మధ్య మెత్తగా నొక్కితే పట్టు చిరచిరమన్నా, ఆ చీరతో కుచ్చులు పెట్టే ఆలోచన మానుకోండి. అప్పుడు మాత్రం మీ అమ్మగారు గెలిచినట్టే.

జవాబు – తెనాలి పంతులమ్మ

అమ్మా, నేను రిటైరైన తెలుగు పంతులమ్మను. పై ఇద్దరూ చెప్పిన తరవాత చీర గురించి నేను చేర్చేది కొంచెమే. మా రోజుల్లో లంగా ఓణీ వేడుక బట్ట కాదు, నిత్యం కట్టే బట్ట. తొమ్మిదో తరగతికి వచ్చిన ఆడపిల్లలందరం నూలు పరికిణీ, వాయిల్ ఓణీతోనే బడికి వెళ్ళాం, సైకిలు తొక్కాం, గోడలు దూకాం. ఇప్పుడు జీవితంలో ఒక్క రోజుకు కట్టే బట్ట అయ్యేసరికి దానిలోకి నెట్టు బట్ట, అద్దాలు, రాళ్ళు వచ్చి చేరాయి. పిల్లలు ఆ బరువు మోయలేక గంటకే విప్పేస్తామంటారు. మీరు నూలు ఒళ్ళున్న గద్వాల గురించి ఆలోచించడమే నాకు సంతోషం కలిగించింది.

కొత్త బట్ట కొనవలసి వస్తే లంగాకు మంగళగిరి నూలు గాని, మంగళగిరి పట్టు గాని చూడండి. దాని ఒంటి మీద నేత డిజైను ఉండదు. నిజాం అంచు అనే జరీ అంచు ఒక్కటే దాని అలంకారం. నేత బిగువుగా ఉంటుంది కాబట్టి కుచ్చు నిలుస్తుంది. వెంకటగిరి, ఉప్పాడ జాందానీలు లంగాకు మరీ పల్చన, ఓణీకి మాత్రం వాటికి మించినవి లేవు. జాందానీలో బుటాకు బుటా వేరే పోగుతో చేత్తో పొదుగుతారు. చీర వెనక తిప్పినా బుటా నుంచి బుటాకు దారాలు వేలాడవు. మిషను మీద నేసిన నకళ్ళలో వెనక వైపు ఆ దారాలు పొడుగ్గా సాగి ఉంటాయి, లేదా కత్తిరించిన కొసలు గరుగ్గా తగులుతాయి.

పోచంపల్లి విషయంలో మీరు పడ్డ మోసం నాకూ జరిగింది. ఆ తరవాత పట్టుబట్టి నేర్చుకున్నాను. పోచంపల్లి నేతను ఇక్కత్ అంటారు, అందులో నేసిన తరవాత రంగు వేయరు. నేయకముందే పోగులను ఆసు అనే కొయ్యల చట్రం మీద చుట్టి, డిజైను ప్రకారం రబ్బరు పట్టీలతోనో దారంతోనో కట్లు కట్టి, కట్టు లేని చోట రంగు పట్టేలా ముంచుతారు. అందుకే ఒకే పోగు మీద రెండు మూడు రంగులు ఉంటాయి. చీర చివర ఒక పోగు లాగి చూస్తే అది ఇక్కతో, అచ్చో తేలిపోతుంది. అచ్చు వేసిన బట్టలో పోగు ఒక వైపు రంగుగా, మరో వైపు వెలిసినట్టుగా ఉంటుంది. డిజైను అంచులు కత్తితో కోసినట్టు ఉన్నా అనుమానించండి. పోగులు ఒక వెంట్రుకంత అటూ ఇటూ జరగకుండా ఏ నేతగాడూ నేయలేడు కాబట్టి అసలు ఇక్కత్‌లో ఆ అంచు కొంచెం చెదిరినట్టుంటుంది. ఆ చెదురే దాని అందమని నేను నమ్ముతాను. మగ్గం మీద బట్ట అడ్డంగా ముడుచుకోకుండా పెట్టే బద్దకు సూదిమొనలు ఉంటాయి, వాటి వల్ల అంచుల వెంట వరుసగా చిన్న చిల్లులు పడతాయి. అది కూడా చూసుకోండి.

ఒక్క చీరకు ఆసు పోయాలంటే చేతిని కొయ్యల మధ్య వేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. ఆ పని ఇంటి ఆడవాళ్ళదే, భుజాలు పడిపోయేవి. తల్లి పడే ఆ బాధ చూడలేకనే చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసి దానికి ఆమె పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2005లోనే పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు దక్కినా, ఆ పేరు పెట్టి అచ్చు గుడ్డలు అమ్మేవారు తగ్గలేదు. బిల్లు మీద చేనేత అని రాసి ఇమ్మని అడగండి, చేనేత గుర్తు ఉందేమో చూడండి. మా దగ్గర ఆప్కో, మీ దగ్గర టెస్కో అనే చేనేత సహకార సంస్థల దుకాణాల్లో మీటర్ల లెక్కన కూడా బట్ట దొరుకుతుంది.

ఒక్క మాట ఉంది, అది అడగకుండానే చెబుతున్నాను. కుచ్చులు పెట్టేముందు ఆ చీరను దాని పద్ధతిలో ఒక్కసారైనా కట్టించండి. ముందు కుచ్చిళ్ళు పోసి, వాటిని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి నడుము దగ్గర దోపుకునే ఆ కట్టుతోనే మన ఆడవాళ్ళు నాట్లు వేశారు, కోతలు కోశారు, బండ్లెక్కారు. మీ వైపు పల్లెల్లో అలా కట్టుకునే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. మీ అమ్మకు ఎవరి చేతనైనా కట్టించి, ఫొటోలు తీసి, మీ అమ్మాయి చేత మెట్టుమెట్టుగా రాయించి పెట్టండి.

వనపర్తి ఆడపడుచు

అందరికీ చేతులెత్తి దండం. పదిహేను రోజులు ఆగి రాస్తున్నందుకు మన్నించండి, అందుకు కారణం పంతులమ్మ గారి మాటే. చీర తీసుకుని మా ఊరు వెళ్ళాం. మా నాయనమ్మకు వరసకు చెల్లెలు అయ్యే ఎనభై ఏళ్ళ చిన్ననాయనమ్మ అమ్మకు దగ్గరుండి గోచీ పోసి కట్టింది. పదిహేను నిమిషాలు కూడా పట్టలేదు. అమ్మ ఆ పూటంతా అదే చీరతో తిరిగింది, వంటింట్లో పీట మీద కూర్చుని కూరగాయలు కూడా తరిగింది. మా అమ్మాయి ఫొటోలు తీసి, కట్టే క్రమం నోటుపుస్తకంలో బొమ్మలు వేసి మరీ రాసుకుంది.

కొంగు చివరి పోగు గీకితే లోపల ఎరుపే కనిపించింది. కిటికీ వెలుగులో చూశాం. మడతలు గట్టిగానే ఉన్నాయి, పట్టు చిరచిరమనలేదు. కాని కింది అంచు కుప్పడం మూడు చోట్ల విడిపోయి ఉంది. రెండు అంగుళం లోపే, ఒకటి మాత్రం దాదాపు మూడంగుళాలు. కుచ్చులు పెట్టేముందు వీటిని ఏం చేయాలి? రఫూ చేసేవారికి ఇవ్వవచ్చా?

పడుగూ పేకా

ఇవ్వవచ్చు గాని, విడిన రెండు అంచులనూ దగ్గరకు లాగి కుట్టనివ్వకండి. అలా లాగితే అక్కడ ముడత పడి, దాని రెండు కొసల నుంచీ మళ్ళీ విడుతుంది. వెనక వైపు, చీలిక కంటే రెండేసి అంగుళాలు పొడుగ్గా మెత్తటి పాత మల్లు గుడ్డ ముక్క ఆనించి, నూలు వైపు నూలు దారంతో, పట్టు వైపు పట్టు పోగుతో, ఏ అంచును ఆ అంచుగా ఆ గుడ్డకే పట్టించమనండి. మూడంగుళాల చోటు కుచ్చు మడత లోపలికి వచ్చేలా కుట్టేవారికి ముందే గుర్తు పెట్టి చూపండి. పట్టు పోగు మెరూన్‌లో మీకు దొరక్కపోతే చెప్పండి. అమ్మ దాచిన కండెలు ఇంకా ఇంట్లో ఉన్నాయి, రంగు కలిసేది చూసి పంపుతాను.

కుట్టుపని, విజయవాడ

కుచ్చుల లెక్క కూడా రాసిస్తాను, మీ దర్జీకి చూపించండి. పాప నడుము కొలత, పాదం దాకా పొడవు, చీర వెడల్పు, ఈ మూడూ అంగుళాల్లో పంపండి. కొలిచేటప్పుడు ఆ రోజు వేసుకోబోయే చెప్పులతోనే నిలబెట్టండి.